తోటల పని చేసే సైట్‌లో అఫిలియేట్ లింకులు పెట్టాలా వద్దా అని అడిగిన తమ్ముడికి

"అక్కా నమస్తే. నేను మేడల మీద, బాల్కనీల్లో తోటలు వేసిచ్చే పని చేస్తా, నాలుగేళ్ళైంది మొదలుపెట్టి. ఒక వెబ్‌సైట్ ఉంది, అందులో నేను చేసిన తోటల ఫోటోలు, ఫోన్ నంబరు, ఇంకా మొక్కల గురించి నేనే రాసిన ఓ ముప్పై వ్యాసాలు ఉన్నాయి. వ్యాసాలు చదవడానికి జనం బాగానే వస్తున్నారు గానీ ఫోన్ చేసేవాళ్ళు తక్కువ. ఫ్రెండ్ ఒకడు, వచ్చిన ట్రాఫిక్‌ని ఊరికే పోనిస్తున్నావు, కుండీలకి, కటర్లకి, డ్రిప్ కిట్లకి అఫిలియేట్ లింకులు, అంటే ఎవరైనా నొక్కి కొంటే మనకి కమిషన్ వచ్చే లింకులు, పెట్టరా అంటున్నాడు. ఈ మధ్య ఒక ఎరువుల కంపెనీ వాళ్ళు కూడా మెయిల్ పెట్టారు, హోమ్‌పేజీలో బ్యానర్ పెడితే ప్రతి అమ్మకం మీద 40 శాతం ఇస్తారంట. వాళ్ళ ఎరువు నేనెప్పుడూ వాడలేదు. పెట్టమంటావా? పెడితే కస్టమర్లు ఏమనుకుంటారు? మా ఆవిడైతే వద్దంటోంది, ఎందుకూ అంటే బావుండదు అంటోంది, అంతకు మించి చెప్పట్లేదు."

తమ్ముడూ, ముందు సమాధానం చెప్పేస్తా, తర్వాత కారణాలు. హోమ్‌పేజీలో వద్దు. నీ సర్వీసులు, నీ తోటల ఫోటోలు ఉన్న పేజీల్లో అస్సలు వద్దు. వ్యాసాల్లో కొన్నిట్లో పెట్టుకోవచ్చు, అదీ నువ్వు స్వయంగా వాడి చూసిన వస్తువులకే. ఎరువుల కంపెనీకి మాత్రం కుదరదని రాసెయ్. ఇక మీ ఆవిడ అన్న ఆ "బావుండదు" ఉంది చూశావా, దాన్ని తేలిగ్గా తీసుకోకు, ఆవిడ కారణం విడమరిచి చెప్పలేదేమో గానీ కారణం మాత్రం ఉంది, నేను కింద రాసేదంతా ఇంచుమించు అదే.

మీ ఫ్రెండ్ చెప్పింది తప్పని కాదు. అఫిలియేట్ అనేది దొంగ పనేం కాదు, అమెజాన్ 1996లోనే మొదలుపెట్టింది, ఎంతోమంది దాని మీదే బతుకుతున్నారు. నీ లింకులో నీ ఐడీ ఉంటుంది, ఎవరైనా దాన్ని నొక్కి వెళ్ళి కొంటే కొంత శాతం నీకొస్తుంది. అమెజాన్‌లో నీ లింకు మీద వచ్చారన్న గుర్తు 24 గంటలే ఉంటుంది, ఆ లోపల కొనాలి, లేదా కనీసం కార్ట్‌లో వేసుకుని ఉండాలి, మర్నాడు సాయంత్రం తీరిగ్గా వేరే దారిలో వచ్చి కొంటే నీకేం రాదు. ఇంతవరకు అందరికీ ఒకటే.

తేడా ఎక్కడొస్తుందంటే, దీని మీద బతికేవాళ్ళ సైట్‌కి, నీ సైట్‌కి పని వేరు. వాళ్ళకి చదివేవాడు లింకు నొక్కి వెళ్ళిపోతేనే డబ్బు. నీకు చదివేవాడు ఆగి, ఇంకో ఫోటో చూసి, ఇతనెవరో బాగా చేస్తున్నాడే అనుకుని ఫోన్ చేస్తే డబ్బు. వాళ్ళకి జనం బయటికెళ్ళడం లాభం, నీకు అదే నష్టం. హోమ్‌పేజీలో అఫిలియేట్ బ్యానర్ పెట్టడమంటే నీ కొట్టు గుమ్మంలో నిలబడి వచ్చినోళ్ళకి పక్క కొట్టు దారి చూపించడమే, ఆ పక్క కొట్టు వాడు నీ చేతిలో చిల్లర పెడతాడు, అంతే.

ఆ చిల్లర ఎంతో ఒక్కసారి కాగితం మీద వేసి చూద్దాం, నీ లెక్కలు నాకు తెలీవు కాబట్టి నేను ఊహించి వేస్తున్నా, నువ్వు నీ అంకెలు పెట్టుకో. ఒక చిన్న బాల్కనీ తోట వేసిస్తే ఖర్చులు పోను నీకు మిగిలేది ఒక డ్రిప్ కిట్ ధరకి అయిదు రెట్లు అనుకుందాం. కిట్ మీద కమిషన్ 4 శాతం అనుకుందాం, ఇలాంటి సామాన్ల మీద ఎక్కువగా పది లోపే ఉంటుంది. అంటే ఒక్క తోట మీద వచ్చే డబ్బు లింకుల మీద రావాలంటే 125 కిట్లు అమ్ముడుపోవాలి. నీ వ్యాసాలు చదివినోళ్ళలో నెలకి ముగ్గురు కొన్నారనుకో, 125 కావడానికి 42 నెలలు, మూడున్నరేళ్ళు పడుతుంది. ఇప్పుడు తిప్పి చూడు: ఆ లింకుల వల్ల మూడున్నరేళ్ళలో ఒక్కటంటే ఒక్క తోట పని చెయ్యి జారినా నీకు మిగిలింది సున్నా. రెండు జారితే చేతి డబ్బు పోయినట్టే. ఈ లెక్క వెయ్యకుండా ట్రాఫిక్ ఊరికే పోతోంది అనడం మాత్రం నాకు నచ్చలేదు, ట్రాఫిక్ ఊరికే పోవట్లేదు, నీ దగ్గరికి ఇంకా రాలేదు అంతే.

పైగా ఆ శాతం నీ చేతిలో ఉండేది కాదు. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో అమెజాన్ కొన్ని రకాల సామాన్ల మీద ఇచ్చే కమిషన్ బాగా కోసేసింది, అందులో నీ రంగం, అంటే తోట సామాన్లు కూడా ఉన్నాయి, 8 శాతం ఉన్నది 3 అయింది. అప్పటిదాకా దాని మీద లెక్కలేసుకున్నోళ్ళకి అదే పేజీ, అవే లింకులు, అంతే మంది జనం, ఆదాయం మాత్రం సగానికంటే కిందకి పోయింది. అలాంటిదాన్ని పక్క ఆదాయం అనుకోవచ్చు గానీ, దానికోసం అసలు పని పేజీల్ని పాడుచేసుకోకూడదు.

నీ ఉత్తరంలో నాకు పట్టుకున్న మాట వేరే ఉంది, చదివేవాళ్ళున్నారు ఫోన్లు రావట్లేదు అన్నావు చూడు, అది. లింకుల సంగతి కంటే ముందు తేల్చుకోవాల్సింది అదే. రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, చదివేవాళ్ళు నువ్వు వెళ్ళలేనంత దూరంలో ఉన్నారు. రెండోది, దగ్గరే ఉన్నారు గానీ నీకు ఫోన్ చెయ్యొచ్చని వాళ్ళకి తట్టలేదు. గూగుల్ ఎనలిటిక్స్ పెట్టుకుని ఉంటే వచ్చినోళ్ళు ఏ ఊళ్ళ నుంచి వచ్చారో ఇంచుమించుగా చూపిస్తుంది, ఒక్కో వ్యాసానికి విడివిడిగా చూడు.

దగ్గరివాళ్ళు ఎక్కువ వచ్చే వ్యాసం ఒకటి తీసుకుందాం, పిండినల్లి గురించి రాసి ఉంటావు కదా, అందరూ రాస్తారు. రాత్రి పదింటికి ఒకావిడ బాల్కనీలో ఫోన్ లైట్ వేసుకుని మందార ఆకు తిరగేసి చూస్తోంది, ఈనెల పక్కన దూది పింజల్లా తెల్లగా అంటుకుని ఉన్నాయి, చేత్తో నలిపితే జిగురుగా ఉంది, భయం వేసి వెతికితే నీ వ్యాసం దొరికింది. ఆవిడకి అప్పుడు కావాల్సింది ఒక మనిషి. నీ వ్యాసం మధ్యలో "ఇక్కడ వేపనూనె కొనండి" అని లింకు కనిపిస్తే నొక్కుతుంది, అక్కడ పదిహేను రకాల సీసాలు, పక్కన ఇంకేవో ప్రకటనలు, ఆవిడ మళ్ళీ నీ పేజీకి రాదు, నీ పేరు కూడా గుర్తుండదు. అదే చోట "మీ మొక్క ఫోటో తీసి ఈ నంబరుకి వాట్సాప్ చెయ్యండి, ఏం చెయ్యాలో చెప్తా" అని రాసి ఉంటే? ఫోటో పంపుతుంది, నువ్వు రెండు మాటలు చెప్తావు, నాలుగు రోజులకి మొక్క తేరుకుంటుంది, ఇంకో ఆర్నెల్లకి మేడ మీద తోట వేయించుకోవాలనిపిస్తే ఇంకెవరికి ఫోన్ చేస్తుంది చెప్పు. అలాంటి వ్యాసాల్లో అఫిలియేట్ లింకు జోలికే పోకు, ఆ చోటు నీ నంబరుది.

దూరం వాళ్ళు ఎక్కువ చదివే వ్యాసాలు మాత్రం వేరే కథ. వాళ్ళు నిన్ను పిలిపించుకోలేరు, కానీ ఏ కటర్ కొనాలి, ఏ టైమర్ నాలుగు రోజులకే పాడవ్వకుండా ఉంటుంది అని నిజంగా అడుగుతారు, నీకు నిజంగా తెలుసు. అక్కడ లింకు పెడితే వాళ్ళకి ఉపయోగం, నీకు కాస్త డబ్బు, ఎవరికీ నష్టం లేదు. మీ ఫ్రెండ్ మాట సరిపోయేది ఇక్కడే.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తా, ఎందుకంటే నేను ఇదంతా పుస్తకం చూసి చెప్పట్లేదు. నాది కర్టెన్లు, బ్లైండ్లు కుట్టిచ్చి బిగించే పని. నా సైట్‌లో కూడా ఒకప్పుడు లింకులు పెట్టా, కర్టెన్ రాడ్లకి, బ్రాకెట్లకి. ఒక రాడ్ నేను నా ఇంట్లో, ఇద్దరు ముగ్గురు కస్టమర్ల ఇళ్ళల్లో వాడా, గట్టిది, అందుకే పెట్టా. ఏడాది తర్వాత పాత కస్టమరొకావిడ ఫోన్ చేసింది, కొత్త గదికి నా సైట్‌లో చూసి అదే రాడ్ తెప్పించుకుందంట, బరువు కర్టెన్ వేసిన వారానికే మధ్యలోకి వంగిపోయిందంట, ఫోటో పంపింది. చూస్తే అది నేను వాడిన రాడ్ కాదు. లింకు అదే, పేజీ అదే, అమ్మేవాడు పాత సరుకు తీసేసి పల్చటి పైపుది పెట్టాడు, నేనేమో ఏడాదిగా ఆ లింకు తెరిచి చూసిన పాపాన పోలేదు. అమ్మా అది నేను అమ్మింది కాదండీ అన్నా. "మీ సైట్‌లో ఉంది కదా అనే కొన్నా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి మెల్లగా అడిగింది, "అందులో మీకేమైనా వస్తుందామ్మా?" అని. వస్తుందని చెప్పా. ఆవిడ కోప్పడలేదు, సరేలెండి అని పెట్టేసింది. మంచి రాడ్ ఒకటి కొని, వెళ్ళి బిగించి వచ్చా, డబ్బు తీసుకోలేదు. కానీ ఆ తర్వాత ఆవిడింటికి వెళ్ళినప్పుడల్లా నేను ఏ గుడ్డ బాగుంటుందన్నా ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసేది, అంతకుముందు అలా చూసేది కాదు. మీ ఆవిడ చెప్పిన బావుండదు అంటే ఆ చూపే తమ్ముడూ. ఆ రాడ్ మీద నాకొచ్చిన కమిషన్‌తో టీ కూడా రాదు.

అందుకే ఒక నియమం పెట్టుకున్నా, నువ్వూ పెట్టుకో: నాకు డబ్బిచ్చి పని చేయించుకునే కస్టమర్‌కి అఫిలియేట్ లింకు పంపను. వాళ్ళు అడిగితే మామూలు లింకు ఇస్తా, లేదా నేనే తెచ్చి ఇంత అని బిల్లులో చూపిస్తా. వాళ్ళ మేడ మీద నిలబడి ఈ కుండీ చాలదు పెద్దది తీసుకోండి అని నువ్వు చెప్పినప్పుడు, ఇతనికి ఇందులో ఎంతొస్తుందో అన్న అనుమానం వాళ్ళకి రాకూడదు, వస్తే నీ నాలుగేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే. చదవడానికి వచ్చేవాళ్ళు వేరు, డబ్బిచ్చి సలహా కొనుక్కున్నోళ్ళు వేరు.

కస్టమర్లు ఏమనుకుంటారు అని అడిగావు. దాచితే చెడ్డగా అనుకుంటారు, ముందే చెప్తే చాలామంది ఏమీ అనుకోరు. చెప్పడం అంటే పేజీ అడుగున ఎక్కడో బూడిద రంగు అక్షరాల్లో కాదు, లింకుకి పక్కనే, అది నొక్కక ముందే కనపడేలా. మామూలు మాటల్లో రాయి, "ఈ లింకు మీద కొంటే నాకు కొంత కమిషన్ వస్తుంది, ఈ కటర్ నేను రెండేళ్ళుగా వాడుతున్నా, స్ప్రింగ్ ఒకసారి మార్చాల్సొచ్చింది" అని. ఆ స్ప్రింగ్ సంగతి కూడా రాయి, లోపం కూడా చెప్పేవాడి మాట జనం నమ్ముతారు. ఇది మర్యాద కోసమే కాదు, చాలా చోట్ల చట్టం కూడా ఇదే అడుగుతుంది, అమెరికాలో వినియోగదారుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఎప్పట్నుంచో అంటోంది, మన దేశంలో 2022లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాల్లో కూడా, వస్తువు గురించి చెప్పేవాడికీ కంపెనీకీ మధ్య సంబంధం ఉంటే అది బయటపెట్టాలని ఉంది. అమెజాన్ అయితే తన అసోసియేట్‌గా (అఫిలియేట్ లింకులు పెట్టేవాళ్ళని అది అలా పిలుస్తుంది) డబ్బు సంపాదిస్తున్నానని సైట్‌లో రాయకపోతే ఒప్పుకోదు.

మిగతా టెక్నికల్ సంగతులు త్వరగా చెప్పేస్తా. అఫిలియేట్ లింకులకి, ఇది డబ్బొచ్చే లింకు అని గూగుల్‌కి తెలిసేలా, పేజీ కోడ్‌లో స్పాన్సర్డ్ అనే ట్యాగ్ పెట్టమని గూగుల్ 2019 నుంచి చెప్తోంది, నీ సైట్ చేసిచ్చినతనికి చెప్తే అయిదు నిమిషాల్లో పెడతాడు. అమ్మేవాళ్ళ పేజీలోని వివరాలు కాపీ కొట్టి నీ సైట్‌లో పెట్టకు, అలా సొంత సరుకేం లేకుండా లింకులతో నింపిన పేజీల్ని గూగుల్ స్పామ్ కింద చూస్తుంది, ఆ దెబ్బ నీ మంచి వ్యాసాలకీ తగలొచ్చు. అమెజాన్‌లో చేరాక 180 రోజుల్లో కనీసం మూడు కొనుగోళ్ళు రాకపోతే ఎకౌంటు మూసేస్తారు, నీ లింకు మీద నువ్వే కొనుక్కుంటే అవి లెక్కలోకి రావు. పీడీఎఫ్‌ల్లో, మెయిల్స్‌లో లింకులు పెట్టే ముందు ఆ ప్రోగ్రాం రూల్స్ చదువు, కొన్నిటికి అభ్యంతరం ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, రెండు మూడు నెలలకోసారి ప్రతి లింకూ తెరిచి చూడు, వస్తువు ఉందా, అదేనా, అని. నా రాడ్ సంగతి చెప్పా కదా. ఆ చూసే ఓపిక లేనన్ని లింకులు పెట్టకు, పది పన్నెండు దాటితే ఒక్కడివి చూసుకోలేవు.

ఇక ఆ 40 శాతం. ఆన్‌లైన్ కోర్సులకి, సాఫ్ట్‌వేర్లకి అంత కమిషన్ ఇస్తే ఆశ్చర్యం లేదు, ఇంకొకళ్ళకి అమ్మినందుకు వాళ్ళకి కొత్తగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. కానీ ఇది సీసాలో పోసి, మూత బిగించి, పెట్టెలో పెట్టి పంపాల్సిన సరుకు. కొన్నాయన ఇచ్చిన నూటిలో నలభై నీకిచ్చేస్తే, మిగిలిన అరవైలో పంపిన ఖర్చు పోవాలి, సీసా ఖర్చు పోవాలి, వాళ్ళ లాభం పోవాలి, అప్పుడు లోపలున్న ఎరువు విలువ ఎంతై ఉంటుందో నువ్వే ఆలోచించు, ఎరువుల ధరలు నాకంటే నీకే బాగా తెలుసు. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను, నాకు తెలీదు. కానీ నువ్వు వాడని మందు జనం తినే కూరగాయల మొదట్లో పోయించడానికి నీ పేరు అరువివ్వకూడదు. రేపు ఒకరి టమాటా మొక్కలు మాడిపోతే ఆ కంపెనీకి ఫోన్ చెయ్యరు, నీకే చేస్తారు, చెయ్యకపోయినా నలుగురికి నీ పేరే చెప్తారు.

మరీ అంత మనసు లాగుతుంటే సీసా ఒకటి డబ్బు పెట్టి కొనుక్కో, ఊరికే ఇస్తామన్నా తీసుకోకు. ఒకే రకం నారు, ఒకే మట్టి, ఒకే ఎండలో ఎనిమిది కుండీలు పెట్టు, నాలుగింటికి అది, నాలుగింటికి నువ్వు ఎప్పుడూ వేసేది, వారం వారం ఫోటోలు తీసి కాపు అయ్యేదాకా చూడు. ఏం వచ్చినా అదొక మంచి వ్యాసం అవుతుంది, జనం దానికోసం వస్తారు. నిజంగా బాగుంటే ఆ వ్యాసంలో లింకు పెట్టుకో, బ్యానర్ మాత్రం అప్పుడు కూడా వద్దు.

నిజానికి సామాన్ల మీద డబ్బు చేసుకోవాలంటే నీకు ఇంకో దారి ఉంది, అదే నాకు ఎక్కువ నచ్చుతుంది. నువ్వు నమ్మే కటర్, గ్రో బ్యాగులు, కలిపిన మట్టి, వేపపిండి హోల్‌సేల్‌లో తెచ్చుకుని, తోట వేసిచ్చినప్పుడు ఒక కిట్‌లాగా నువ్వే అమ్ము. మిగిలేది కమిషన్ కంటే ఎక్కువే ఉంటుంది, సరుకు నీ చేతి మీదుగా పోతుంది కాబట్టి మారిపోయే భయం లేదు, పాడైతే మార్చిచ్చేది నువ్వే, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పెట్టుబడి, దాచే చోటు కావాలి, అది నిజమే, పది కిట్లతో మొదలుపెట్టి చూడు.

లింకులు మొదలుపెట్టేముందు గత మూడు నెలల్లో సైట్ చూసి ఎంతమంది ఫోన్ చేశారో రాసి పెట్టుకో, ఫోన్ చేసిన ప్రతివాళ్ళనీ ఎక్కడ చూశారండీ అని అడగడం ఈరోజు నుంచే అలవాటు చేసుకో. తర్వాత దూరం వాళ్ళు ఎక్కువ చదివే మూడు వ్యాసాలు తీసుకుని, ఒక్కోదాంట్లో ఒకటో రెండో లింకులు పెట్టి మూడు నెలలు వదిలెయ్. ఫోన్లు తగ్గకుండా ఉండి, కాస్తో కూస్తో డబ్బు వస్తే ఉంచు. ఫోన్లు తగ్గితే ఆ రోజే తీసెయ్, ఇంకో నెల చూద్దాం అనుకోకు. ఆ మూడు వ్యాసాల్లో కమిషన్ గురించి రాసే వాక్యం ముందు మీ ఆవిడకి చదివి వినిపించు, ఆవిడకి బావుందనిపిస్తేనే పెట్టు. ఇక ఎరువుల కంపెనీకి పెద్ద ఉత్తరం అక్కర్లేదు, "మీరు అడిగినందుకు థాంక్స్ అండీ, నేను వాడని సరుకు నా సైట్‌లో పెట్టను, హోమ్‌పేజీలో ప్రకటనలు తీసుకోను" అని రెండు ముక్కలు చాలు, ఈ రాత్రికే పంపించెయ్.